పెట్టని సంతకం



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పిల్లల చదువులు, పెళ్లి సంబంధాలు, అప్పుల బాధలు ఎక్కువగా ఉంటాయి. ఈ మధ్య మాత్రం "అయ్యగారూ, ఇల్లు కొంటున్నాం, ఏమేమి చూసుకోవాలి?" అని అడిగేవారు పెరిగారు. కూలినాలి చేసి, పాడి అమ్మి, గల్ఫ్ దేశాలలో కష్టపడి కూడబెట్టిన డబ్బు ఒక్క రోజులో ఒక దస్తావేజు మీదకు వెళ్లిపోతుంది. భయం సహజమే. నేను లాయరును కాను. వేదాంత పాఠశాలలో డిప్లొమా చేసినవాడిని. అయినా ఈ సంగతి గూర్చి రాయవలసిన బాధ్యత నా మీద ఉంది. ఎందుకో ముందుగా చెబుతాను.

ఆ ఇంటి కథ

మా సంఘంలో ఒక తాపీమేస్త్రి ఉన్నాడు. ఇరవై ఏళ్లు ఊరందరికీ ఇళ్లు కట్టి తాను మాత్రం పాకలోనే కాపురం చేశాడు. 2019లో మా ఊళ్లో 3 సెంట్ల స్థలం, అందులో రెండు గదుల పెంకుటిల్లు అమ్మకానికి వచ్చాయి. అమ్మేవారూ మన సంఘస్థులే. ఇంటి యజమాని వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించాడు. ఆయన భార్య, ఇద్దరు కుమారులు కలిసి 9 లక్షలకు బేరం కుదుర్చుకున్నారు.

మేస్త్రి జాగ్రత్త గలవాడే. ముప్పై ఏళ్లకు ఇ.సి. తీయించాడు. చనిపోయిన పెద్దాయన కొన్న దస్తావేజు అందులో ఉంది, తనఖాలేమీ లేవు. ఇంటి పన్ను రసీదులు చూశాడు. స్థలం తానే స్వయంగా కొలిచాడు. తల్లి వేలిముద్ర వేసింది, కొడుకులిద్దరూ సంతకాలు పెట్టారు. రిజిస్ట్రేషను అయిపోయింది. సాక్షులలో ఒకడిని నేను.

ఆ ఇంట్లో ఒక కూతురు కూడా ఉందని నాకు తెలుసు. ఆమెకు పెళ్లి జరిపించింది నేనే. అప్పటికి ఆమె కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మా గోదావరి జిల్లాల నుండి అలా వెళ్లిన సహోదరీలు ఎందరో. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద మేస్త్రి భార్య ఒక్కతే అడిగింది, "ఆడపిల్ల సంతకం అక్కర్లేదాండీ?" అని. పెద్దకొడుకు నవ్వేసి, "దానికి కట్నమిచ్చి పంపేశాం గదక్కా. అయినా మా చెల్లి మా మాట కాదనదు" అన్నాడు. మళ్లీ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

2021 చివర ఆమె తిరిగి వచ్చింది. ఆ ఇంటి రెండో గది ఆమె పంపిన డబ్బుతోనే వేశారు. భర్త ఆదరణ లేదు. పుట్టింట్లో తలదాచుకోవచ్చునని వచ్చింది. సంచులతో నేరుగా మా ఇంటికి వచ్చి, "అయ్యగారండీ, మా నాన్న ఇల్లు అమ్మేశారంట. కాగితం మీద మీ సంతకం కూడా ఉందంట గదండీ" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాత లాయరు నోటీసు, భాగం పంచమని కోర్టులో దావా. అప్పటికే మేస్త్రి పెంకులు దింపి 3 లక్షలు పెట్టి స్లాబు వేయించుకున్నాడు. ప్రతి ఆదివారం ఇద్దరూ ఒకే ఆలయానికి వచ్చేవారు. ఒకరు ముందు వరుసలో, ఒకరు గుమ్మం పక్కన. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం మాత్రం మేస్త్రి భార్య రావడం మానేసింది.

ఎవరి వాటా ఎంత?

నేను లాయరుగారి దగ్గర కూర్చుని తెలుసుకున్న మొదటి సంగతి ఇది. ఒక మనిషి తనకున్న హక్కు కంటే ఎక్కువ హక్కును ఇంకొకరికి అమ్మలేడు. తల్లి, ఇద్దరు కొడుకులు పెట్టిన సంతకాలు వారి ముగ్గురి వాటాలనే అమ్మాయి. కూతురి వాటా అలాగే మిగిలి ఉంది. రిజిస్టరు అయినంత మాత్రాన అది పోలేదు.

క్రైస్తవులకు వారసత్వ విషయంలో 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భర్త వీలునామా లేకుండా చనిపోతే, పిల్లలున్నప్పుడు, ఆస్తిలో మూడో వంతు భార్యకు వస్తుంది. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు అనే తేడా లేదు. పెళ్లయిందా కాలేదా అన్న తేడా కూడా లేదు. పై కుటుంబంలో 9 లక్షల ఇంటిని ఆ లెక్కన పంచితే తల్లికి 3 లక్షలు, ముగ్గురు పిల్లలకు తలా 2 లక్షలు. అంటే మేస్త్రి 9 లక్షలు ఇచ్చి 7 లక్షల విలువైన హక్కును కొన్నాడన్నమాట.

"కట్నం ఇచ్చేశాం గదా" అనే మాట మన ఇళ్లలో చాలా తేలికగా అంటారు. ఆ మాటకు చట్టంలో చోటు లేదు. తండ్రి తాను బ్రతికి ఉండగా ఒక బిడ్డకు ఇచ్చిన సొమ్మును, వీలునామా లేని ఆస్తి పంచేటప్పుడు ఆ బిడ్డ వాటాలో తగ్గించకూడదని ఆ 1925 చట్టంలోని 49వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. చదువుకు పెట్టినా పెళ్లికి పెట్టినా అంతే.

అమ్మేవారు హిందువులైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. మగవాడు వీలునామా లేకుండా చనిపోతే అతని స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి తలా ఒక సమాన వాటా పొందుతారు. పిత్రార్జితంలో కూతుళ్లకు మన రాష్ట్రంలో 1986లోనే కొంత హక్కు కల్పించారు. 2005 సవరణతో దేశమంతటా కూతురు కొడుకుతో సమానమైంది. ఆ సవరణ నాటికి తండ్రి బ్రతికి లేకపోయినా కూతురికి ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

కొన్ని కుటుంబాలు ఆలయానికి వస్తారు, కాగితాలలో హిందువులని ఉంటుంది. వారికి ఏ చట్టం అని మీరు తికమక పడవద్దు. వాటాల లెక్క లాయరు చూస్తారు. కొనేవారికి కావలసిన సంగతి ఒక్కటే. ఏ చట్టం చూసినా కూతురికి వాటా ఉంది. కనుక ఏ ఇల్లు కొన్నా కూతురి సంతకం కావాలి.

ఇది కొత్తగా పుట్టిన మాట కాదు. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలబడి తమ తండ్రి స్వాస్థ్యంలో భాగం అడిగిన సంగతి సంఖ్యాకాండంలో మనం చదివినదే. వారి మాట న్యాయమైనదని తీర్పు వచ్చింది. మనం దానిమీద ప్రసంగాలు చేస్తాం. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లేటప్పుడు మాత్రం మరచిపోతాం.

ఇ.సి.లో చావు కనబడదు

మేస్త్రి నన్ను అడిగిన ప్రశ్న మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. "ఇ.సి. శుభ్రంగా ఉంది గదండీ, మరి ఇదెలా జరిగింది?"

ఇ.సి. అంటే ఆ ఆస్తి మీద రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైన లావాదేవీల జాబితా. అమ్మకం, తనఖా, దానం, భాగపంపకం, ఇలా రిజిస్టరు అయినవి అందులో ఉంటాయి. రిజిస్టరు కానివి ఉండవు. ఇంటి యజమాని చనిపోయాడని అందులో ఉండదు. ఆయనకు ఎందరు పిల్లలో ఉండదు. రిజిస్టరు చేయని వీలునామా ఉండదు. కోర్టులో దావా నడుస్తున్నా అది అందులో కనిపించకపోవచ్చు. దావా నడుస్తుండగా కొన్నవారు మాత్రం ఆ తీర్పుకు కట్టుబడవలసిందే. కంప్యూటరులో ఇ.సి. 1983 జనవరి నుండి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు వెదికించాలి.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పంచాయతీలో పేరు మార్పు, ఇవేవీ యాజమాన్య హక్కును పుట్టించవు. పన్ను ఎవరు కట్టాలో చెబుతాయి, అంతే.

"మరి సబ్ రిజిస్ట్రారు గారు చూసుకోరా?" అంటారు. వచ్చినవారు నిజంగా ఆ మనుషులేనా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా, నిషేధిత జాబితాలో ఆ ఆస్తి ఉందా, ఇవి చూస్తారు. అమ్మేవాడికి నిజంగా హక్కు ఉందో లేదో తేల్చడం ఆయన పని కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడుకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే మళ్లీ చెప్పింది. హక్కు విచారించుకోవలసినది కొనేవారే.

సాక్షి సంతకం సంగతి కూడా చెప్పాలి. చట్టం ప్రకారం సాక్షి అంటే ఫలానావారు సంతకం పెట్టగా చూశానని చెప్పేవాడు మాత్రమే. ఆస్తికి పూచీదారుడు కాడు. కాని పల్లెలో అలా అనుకోరు. "అయ్యగారు సంతకం పెట్టారంటే అంతా సరిగ్గానే ఉంటుంది" అనుకుంటారు. మేస్త్రి అలాగే అనుకున్నాడు. సంఘ పెద్దలు, ఉపాధ్యాయులు, కాపరులు ఈ ముక్క గుర్తుంచుకోవాలని మనవి.

మీరు అడిగిన ప్రశ్నలు

వాటాదారురాలు విదేశంలో ఉంటే ఎలా?

ఆమె అక్కడి భారత రాయబార కార్యాలయంలో ఆ అధికారి ఎదుట పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపవచ్చు. అందులో ఏ ఆస్తి, ఎవరికి అధికారం ఇస్తున్నది, అమ్మి డబ్బు తీసుకునే అధికారం కూడా ఇస్తున్నదా లేదా అనేది స్పష్టంగా ఉండాలి. ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించుకోవాలి. ఫోనులో "సరే అన్నయ్యా" అన్నది సంతకం కాదు. వాట్సాప్‌లో పంపిన మాట కూడా కాదు.

"నాకేమీ వద్దు" అని ఆడపడుచు తెల్లకాగితం మీద రాసిస్తే చాలునా?

చాలదు. వంద రూపాయలు, అంతకు పైబడిన స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే ఆ దస్తావేజు రిజిస్టరు కావాలి. దీన్ని హక్కు విడుదల దస్తావేజు అంటారు. దానికంటే తేలికైన మార్గం, అమ్మకపు దస్తావేజులోనే ఆమెను కూడా అమ్మేవారిలో ఒకరుగా చేర్చి సంతకం పెట్టించడం. ఇష్టపూర్వకంగా వదులుకునే అక్కచెల్లెళ్లు ఉన్నారు. మంచిదే. కాని ఆ మాట ఆమె నోట వినండి, ఆమె అన్న నోట కాదు.

వారసులలో చిన్నపిల్లలుంటే?

చాలా జాగ్రత్త పడాలి. పద్దెనిమిది నిండని బిడ్డ వాటాను తల్లి గాని, పినతండ్రి గాని తమంతట తాము అమ్మకూడదు. కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా సంరక్షకులు అమ్మితే, ఆ బిడ్డ పెద్దయ్యాక, పద్దెనిమిది నిండిన నాటి నుండి మూడేళ్లలోగా ఆ అమ్మకాన్ని కొట్టేయమని కోర్టుకు వెళ్లవచ్చు. ఈ రోజు ఆరేళ్ల పిల్లవాడు పదిహేనేళ్ల తరువాత కూడా మీ తలుపు తట్టవచ్చునన్నమాట.

అగ్రిమెంటు రాసుకుని బయానా ఇచ్చాం. ఇల్లు మాదైనట్టేనా?

కాలేదు. అగ్రిమెంటు అంటే ముందు ముందు అమ్ముతానన్న మాట మాత్రమే. ఇల్లు మీదయ్యేది రిజిస్టరు అయిన అమ్మకపు దస్తావేజుతోనే. మన రాష్ట్రంలో 1999 ఏప్రిల్ నుండి ఆ అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించాలని చట్టం సవరించారు. రెండోవారు మాట తప్పితే, అగ్రిమెంటులో రాసిన గడువు తేదీ నుండి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. "మనవాళ్లే, ఎక్కడికి పోతారు" అని ఊరుకుంటే ఆ మూడేళ్లు తెలియకుండానే వెళ్లిపోతాయి.

జి.పి.ఏ. మీద ఇల్లు కొనవచ్చునా?

జి.పి.ఏ. రాయించుకుని, డబ్బిచ్చి, అదే అమ్మకం అనుకోవద్దు. దానివల్ల యాజమాన్యం రాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాసిచ్చినవాడు చనిపోతే మామూలుగా ఆ అధికారం కూడా పోతుంది. సరైన అధికారపత్రం ఉన్నవాడు యజమాని తరపున రిజిస్టరు అమ్మకపు దస్తావేజు రాసిస్తే అది వేరు. అప్పుడు కూడా యజమాని బ్రతికే ఉన్నాడా, ఆ అధికారం రద్దు చేశాడా అని కనుక్కోండి.

గ్రామకంఠం ఇంటికి దస్తావేజులే లేవంటున్నారు. ఎలా?

పాత ఊళ్లలో ఇది మామూలే. తాతల నాడు కట్టుకున్న ఇంటికి కొనుగోలు కాగితం ఉండదు. ఇ.సి. తీస్తే లావాదేవీలు లేవని వస్తుంది. అది ఆస్తి శుభ్రంగా ఉందని సర్టిఫికెట్ కాదు. రిజిస్టరైన కాగితం దొరకలేదని అర్థం. పాత పన్ను రసీదులు, పంచాయతీ రికార్డులో పేర్లు వరుసగా ఎలా మారాయి, చుట్టుపక్కల వారి మాట, ఇవన్నీ కలిపి చూడాలి. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో కొలిచి కొన్ని ఊళ్లలో ఆస్తి కార్డులు ఇచ్చారు. కార్డు ఉంటే చూడండి. కాని పెద్దకొడుకు పేర కార్డు వచ్చినంత మాత్రాన చెల్లెలి వాటా మాసిపోదు.

ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలం చవకగా వస్తోంది. కొనమంటారా?

తొందరపడవద్దు. భూమి లేని పేదలకిచ్చిన అసైన్డ్ భూములను అమ్మడం, కొనడం 1977 నాటి 9వ చట్టం నిషేధించింది. ఆ అమ్మకం చెల్లదు, భూమి తిరిగి ప్రభుత్వం తీసుకోవచ్చు. తరువాతి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లో కొంత గడువు దాటిన పట్టాలకు షరతులతో సడలింపులు వచ్చాయి. మీరు చూసిన పట్టా ఆ సడలింపు కిందకు వస్తుందో రాదో తహసీల్దారు ఆఫీసులో కాగితం మీద తెలుసుకోండి. రిజిస్ట్రేషను చట్టం 22ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి. ఏజెన్సీ ప్రాంతాలలోనైతే గిరిజనేతరుల పేరిట భూమి మారడాన్ని 1970 నాటి 1వ రెగ్యులేషను పూర్తిగా అడ్డుకుంటుంది.

చివరకు ఏమైంది?

మేస్త్రి మొదట అమ్మినవారి మీదకే వెళ్లాడు. అమ్మేవాడు తనకు అమ్మే హక్కు ఉందని మాట ఇచ్చినట్టే చట్టం భావిస్తుంది. హక్కు లేదని తేలితే కొన్నవాడికి నష్టం కట్టి ఇవ్వాలి. కాని అక్కడ ఇంకో ముల్లు తగిలింది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చు కలిపి నూటికి ఏడున్నర రూపాయల దాకా అవుతుందని దస్తావేజులో ప్రభుత్వ విలువ 5 లక్షలే రాయించారు. మిగిలిన 4 లక్షలు చేతికిచ్చారు. ఆ 4 లక్షలకు కాగితం లేదు. ఇచ్చింది నిజమని అందరికీ తెలుసు, రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. పైగా స్థిరాస్తి లావాదేవీలలో 20 వేలు, ఆ పైన నగదుగా పుచ్చుకోకూడదని 2015 జూన్ నుండి ఆదాయపు పన్ను నిబంధన ఉంది. ఖర్చు తగ్గించుకుందామని రాసిన ఆ చిన్న అబద్ధం మేస్త్రి మెడకే చుట్టుకుంది. దాన్ని కూడా నేను చూస్తూ ఊరుకున్నాను.

"నాకు తెలియక కొన్నాను" అనే మాట కూడా నిలబడలేదు. తగిన విచారణ చేసి కొన్నవాడికే ఆ మాట చెల్లుతుంది. ఊరందరికీ తెలిసిన ఆడపడుచు సంగతి తనకు తెలియదని మేస్త్రి ఎలా అంటాడు? ఆయన భార్యే ఆ రోజు అడిగింది గదా.

2023లో ఆ దావా లోక్ అదాలత్‌కు వచ్చింది. ఇద్దరి తరపునా లాయర్లు, సంఘ పెద్దలు, నేను కూర్చున్నాం. అప్పటికి ఆ ఇంటి పాత భాగం, స్థలం విలువ 13.50 లక్షలు అన్నారు. తొమ్మిదింట రెండు వంతుల లెక్కన ఆమె వాటా 3 లక్షలు. ఆమె 2.40 లక్షలకు ఒప్పుకుంది. పెద్దన్న 1.50 లక్షలు, చిన్నన్న 50 వేలు ఇచ్చారు. మిగిలిన 40 వేలు మేస్త్రి ఇచ్చాడు. తన ఇంటికి తానే రెండోసారి డబ్బు కట్టాడు. ఆమె తన వాటా వదులుకుంటూ రిజిస్టరు దస్తావేజు రాసిచ్చింది. ఈసారి సాక్షి సంతకానికి నన్ను పిలవలేదు. పిలవకపోవడమే న్యాయమని నాకు తోచింది.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది. దానిమీద అప్పీలు లేదు. దావాలో కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. డబ్బు లేదని ఏ సహోదరీ తన న్యాయమైన వాటా వదులుకోనక్కర లేదు. అలాగే ఇల్లు కొన్న పేదవాడు భయంతో కూలబడనక్కర లేదు.

కొనబోయే ముందు

నా అనుభవం మీకు ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు. ఆలయ నోటీసు బోర్డు మీద అంటించుకున్నా సంతోషమే.

మొదటిది, కాగితాలు అడగక ముందు మనుషులను అడగండి. ఇల్లు ఎవరి పేర ఉంది? ఆయన ఉన్నాడా? లేకపోతే ఎప్పుడు పోయాడు? భార్య ఉందా? పిల్లలెందరు? కూతుళ్లెందరు, ఎక్కడున్నారు? చనిపోయిన కొడుకు గాని కూతురు గాని ఉంటే వారి పిల్లలెవరు? ఒక తెల్లకాగితం మీద ఆ కుటుంబ వృక్షం గీయండి. తరువాత మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెమ్మని అడిగి మీరు గీసిన దానితో సరిచూడండి. ఏ పేరుకైతే సంతకం లేదో అక్కడ ఆగండి.

రెండవది, వీలునామా ఉందంటే అసలు కాగితం చూడండి. సాక్షులిద్దరు ఎవరో, వారిప్పుడు ఉన్నారో లేదో కనుక్కోండి. వీలునామా ఉన్నా మిగిలిన వారసులు కూడా ఒప్పుకోలు సంతకం పెడితే కొనేవారికి నిశ్చింత.

మూడవది, లింకు దస్తావేజులు, ఇ.సి., నిషేధిత జాబితా, హద్దులు, కొలతలు, వీటిని మీ తరపు లాయరుకు చూపించండి. అమ్మేవారు పెట్టిన లాయరుకు కాదు. 9 లక్షల ఇంటికి కొన్ని వేలు ఫీజు ఇవ్వడం దండుగ కాదు.

నాలుగవది, ఇచ్చిన ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఇచ్చినంతా దస్తావేజులో రాయించండి.

"విశ్వాసులం, మన మధ్య కాగితాలెందుకు?" అని కొందరు అంటారు. యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలం కొన్నది తన పినతండ్రి కుమారుని దగ్గర. బయట శత్రువుల ముట్టడి. అయినా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, క్రయపత్రం రాయించాడు, సాక్షులను పెట్టాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్న పత్రం ఒకటి, రెండూ మంటికుండలో దాచమన్నాడు. సొంత బంధువు దగ్గర కొంటూ దేవుని మనిషి అంత జాగ్రత్త పడ్డాడు. అది అపనమ్మకం కాదు. రేపు ఇద్దరి మధ్య మాట రాకుండా ఈ రోజు పడే ప్రయాస అది.

ఇప్పుడు నన్ను ఎవరైనా దస్తావేజు మీద సాక్షిగా రమ్మంటే నేను ఒక మాట అడుగుతున్నాను. "మీ అక్కచెల్లెళ్లు ఎందరు? వారితో ఒకసారి ఫోనులో మాట్లాడించండి." కొందరికి కోపం వస్తోంది. ఇద్దరు ముగ్గురు నన్ను కాదని వేరే సాక్షులను చూసుకున్నారు. ఒక ఇంటివారు మాత్రం అప్పటికప్పుడు ఫోను కలిపారు. అవతల అక్కగారు, "నన్ను కూడా అడిగారు, అంతే చాలండి. నా వాటా తమ్ముడికే. ఎప్పుడు రమ్మంటారు సంతకానికి?" అంది. ఆమెకు కావలసింది డబ్బు కాదు. ఆ ఇంటి బిడ్డగా లెక్కలో ఉండటమే.

పోయిన నెల ప్రభువు బల్లకు మేస్త్రి భార్య వచ్చింది. వెనుక వరుసలో ఆ కువైట్ సహోదరి పక్కన ఖాళీ ఉంటే అక్కడే కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. పక్కపక్కన కూర్చున్నారు, అంతవరకు చూశాను. నాలుగేళ్ల తరువాత అదే నాకు ఎక్కువనిపించింది.

మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు కొనబోతున్నా, అమ్మబోతున్నా ఈ పేజీ వారికి చదివి వినిపించండి. మీ ప్రశ్నలు పత్రిక చిరునామాకు రాయండి. దస్తావేజు నకళ్లు మాత్రం పంపవద్దు, వాటిని చూడవలసినది లాయరే. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.